కప్పులో కంత

ఖాలిసా పేట ముసల్మానుల ఇళ్ళల్లో కన్నబిడ్డల్ని తిట్టడం మానేసి చాలా కాలమైంది. ప్రేమ ఎక్కువై కాదు, భయం ఎక్కువై. తండ్రి ఓ మాటంటే కొడుకు అలిగి వీధిలోకి పోతాడు. వీధి చివర చర్చి ఉంటుంది. క్రైస్తవ రాజు ఏలుతున్న పలెర్మో నగరంలో ఇప్పుడు ఏ వీధి చివర చూసినా చర్చే. అలిగినవాడు ఆ గడప దాటి, నన్ను మీలో కలుపుకోండి అంటే చాలు, పాదిరి చెంబుతో నీళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. తల తడిశాక వాడికి కొత్త పేరు, కొత్త దేవుడు. ఇక తండ్రి వెళ్ళి, ఇంటికి రారా నాయనా అని బతిమాలడానిక్కూడా లేదు. బతిమాలినవాడికి కొరడా దెబ్బలు. ఆ మాట విని తిరిగొచ్చినవాడికి ఏం జరుగుతుందో పేటలో ఎవరూ పైకి చెప్పుకోరు.

రంగులద్దే మౌహూబ్ ఇంట్లో అదే జరిగింది. నూనెకుండ పగలగొట్టిందని కూతురి చెంప మీద ఒకటిచ్చాడు. పిల్ల ఆ చెంప అలాగే పట్టుకుని చర్చిలోకి పోయింది. కుండని మౌహూబ్ లక్క పెట్టి అతికించుకున్నాడు. ఇప్పటికీ కారుతుంది, ఇప్పటికీ వాడుతున్నాడు. పిల్ల మాత్రం బజార్లో ఎదురుపడితే తల తిప్పుకుని పోతుంది, మెళ్ళో సిలువతో.

అందుకే వడ్రంగి మేస్త్రీ మఖ్లూఫ్ తన కొడుకు అబ్బాద్‌ని తిట్టడు. నోరు లేక కాదు. ఒకప్పుడు అతను పరంజా ఎక్కుతున్నాడంటే కూలీలు నోట్లో రొట్టె మింగకుండానే లేచి నిలబడేవాళ్ళు. అతన్ని అతని తండ్రి ఇంకా ఘోరంగా తిట్టాడు. బాడిస పిడితో వేళ్ళ మీద కొట్టాడు. ఆ తిట్లూ ఆ దెబ్బలే అతని చేతుల్లో పనితనంగా మిగిలాయి. ఆస్తి అంటూ ఉంటే అదొక్కటే. దాన్ని కొడుక్కి పంచలేకుండా ఉన్నాడు.

పొద్దున్నే పనికి బయల్దేరుతుంటే భార్య రైహానా గడప దాకా వచ్చి అప్పజెప్పేది.

"ఏమయ్యా, నిన్నే. వాడు గీత కొంచెం అటూఇటూ పోనిచ్చినా చూసీ చూడనట్టు ఊరుకో. చెక్క పాడైతే అడవిలో ఇంకో చెట్టుంది."

"అడవి రాజుగారిది."

"కొడుకు నీవాడే కదా. వాణ్ణి కూడా రాజుగారికే ఇచ్చేస్తావా?"

ఆ మాట వినగానే మఖ్లూఫ్ సంచీ భుజాన వేసుకుని కొడుకు వెనక నడిచేవాడు. ముందు కూడా కాదు, వెనక.

వాళ్ళు పోయేది ఎక్కడికో తెలిస్తే ఎవరైనా నవ్వుతారు. రాజుగారు కోటలో కొత్తగా కట్టిస్తున్న చర్చికే. అక్కడ గోడల పని గ్రీకులది, తడి సున్నంలో బంగారు గాజు ముక్కలు గుచ్చి వాళ్ళ పుణ్యపురుషుల్ని నిలబెడుతున్నారు. నేల మీద పాలరాయి ఎలా ఉండాలో, బలిపీఠం ఎటు తిరగాలో చెప్పేది లాటిన్ పాదిరీలు. పైకప్పు మాత్రం మన పేటవాళ్ళది. తేనెపట్టులా గూళ్ళు వేలాడే ఆ కప్పు వెయ్యడం ఇంకెవరికీ రాదు. రాజుగారికి ముగ్గురి పనీ ఒకే కప్పు కింద కావాలి. ముగ్గురూ ఒకచోట కూచుని రొట్టె తినడం మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

కప్పు పని చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చేసేవాడికి ప్రాణాంతకం. పై దూలాల నించి సన్నటి దేవదారు పలకలతో గూళ్ళు వేలాడదియ్యాలి. ఒక గూటి భుజం మీద ఇంకో గూడు ఆనుతుంది, ఆ రెంటి సందులోంచి మూడోది దిగుతుంది. ఎక్కడైనా ఒక అంచు వెంట్రుకవాసి తప్పిందో, పక్క గూడు ఇంకాస్త జరుగుతుంది, దాని పక్కది మరికాస్త. అన్ని వరసలూ చివరికి నడిమధ్యన ఎనిమిది కోణాల నక్షత్రంలో వచ్చి కలవాలి. తప్పు ఏ మూల చేసినా తేలేది అక్కడే. ఇంట్లో దాచిన రోగం పెళ్ళిపందిట్లో బయటపడ్డట్టు.

పోయిన చలికాలం అబ్బాద్ ఒక వరస గూళ్ళకి భుజాలు కోశాడు. కోసేటప్పుడు, కొలతకి పైన ఆనించుకునే మాదిరి పలక జారింది. జారితే ఆ ముక్కలు పొయ్యిలో పడేసి మళ్ళీ కోసుకోవాలి. వాడు అలా చెయ్యలేదు. ఎడమ అంచులు చిత్రిక పట్టి, సందుల్లో బంక కుక్కి, కుదిరిందనిపించాడు. దొంగ కోత అంటారు దాన్ని. మఖ్లూఫ్ చూశాడు. కూలీలందరూ చూశారు, మేస్త్రీ నోరు తెరుస్తాడని చేతుల్లో పని ఆపారు.

మఖ్లూఫ్ నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే కింద ఓ మూల బలిపీఠం దగ్గర పాదిరి గంట వాయించాడు. ఆ మూలని అప్పటికే పవిత్రం చేసి పూజలు మొదలుపెట్టారు. మౌహూబ్ కూతురు చర్చికి పోవాలంటే కనీసం ఒక వీధి నడవాల్సొచ్చింది, దారిలో మనసు మార్చుకోవడానికి నాలుగు మలుపులైనా ఉన్నాయి. అబ్బాద్‌కి నిచ్చెన దిగితే చాలు.

"శభాష్. బాగా కుదిరింది," అన్నాడు మఖ్లూఫ్.

కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అబ్బాద్ కూడా తండ్రి మొహం చూశాడు, ఏదో వెతుకుతున్నట్టు. ఆ తర్వాత మఖ్లూఫ్ మిగతా వరసలన్నిటినీ ఆ దొంగ కోతకి తగ్గట్టు వంచుతూ పోయాడు. కొడుకు తప్పుని మొయ్యడానికి రాజుగారి కప్పు మొత్తం కొంచెం కొంచెంగా పక్కకి ఒరుగుతూ వచ్చింది.

వాళ్ళ పరంజాకి కింద ఇంకో పరంజా మీద గ్రీకు మేస్త్రీ లియోంతియోస్ గాజు పని చేయించేవాడు. అతనికి తిట్టడానికి ఏ భయమూ లేదు. వాళ్ళ పిల్లలు అలిగి చర్చికి పోయినా, ఉన్నది అందులోనే. పొద్దుపొడిచిన దగ్గర్నించి అతని గొంతు కప్పుకి కొట్టుకుని మోగేది.

"ఒరే అల్లుడూ, పుణ్యపురుషుడికి కన్ను పెట్టమంటే ఉడకబెట్టిన గుడ్డు పెట్టావేంట్రా. పీకు. మళ్ళీ పీకు. నిన్ను కన్నందుకు మీ అమ్మనీ, పిల్లనిచ్చినందుకు నన్నూ అనాలి."

"వెలుతురు చాల్లేదు మామా."

"వెలుతురు బయట బోలెడుంది. పోయి గాడిదలు కాసుకో."

ఆ పక్కరోజే ఆ అల్లుడు ఒక దేవదూత చెయ్యి అతికితే లియోంతియోస్ చాలాసేపు చూసి, "ఊఁ. ఇది చెయ్యి," అన్నాడు. అంతే అన్నాడు. ఆ అల్లుడు ఆ రోజంతా ఈల వేస్తూనే ఉన్నాడు. పైన పలకల సందులోంచి అబ్బాద్ వంగి ఆ ఈల వినడం మఖ్లూఫ్ చూశాడు.

మధ్యాహ్నం రొట్టె దగ్గర లియోంతియోస్ అడిగాడు.

"ఏం మేస్త్రీ, మీ పరంజా మీద అంత నిశ్శబ్దమేంటి? శవం గానీ లేచిందా?"

"మావాళ్ళు చెప్పకుండానే చేస్తారు."

"అదృష్టవంతుడివి. నావాళ్ళు తిట్టకపోతే రొట్టె కూడా నమలరు. మీరు పచ్చి ఉల్లిపాయలు తిని తిని కోపం చచ్చిపోయినట్టుంది."

"ఆఁ, ఉల్లిపాయలే," అన్నాడు మఖ్లూఫ్, చేతిలో ఉల్లిపాయ వంక చూసుకుంటూ.

వేసవి మొదట్లో గూళ్ళ లోపల బొమ్మలు వేస్తున్నారు. నెమళ్ళు, ఒంటెలు, గిన్నెలు పట్టుకున్న దొరలు. అబ్బాద్ ఒక పలక తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. కాలు మడుచుకుని కూచుని, వీణలాంటి ఊద్ మీటేవాడి బొమ్మ.

"ఎలా ఉంది నాన్నా?"

మఖ్లూఫ్ చూశాడు. మొహం బాగానే ఉంది. తలపాగా మడతలు బాగానే ఉన్నాయి. రెండు చేతులూ ఎడమచేతులే.

"బాగుంది. కొత్తగా ఉంది."

"రెండూ ఎడమచేతులే నాన్నా."

"అంత ఎత్తున ఎవరు చూస్తారురా."

"నువ్వు చూశావుగా."

మఖ్లూఫ్‌కి అర్థమైంది, వాడు కావాలనే వేశాడని. చిన్నప్పుడు వాడు నిప్పు దగ్గర వేలు పెట్టి, వద్దంటారా లేదా అని వెనక్కి తిరిగి చూసేవాడు. అప్పుడు ఒక్కటి తగిలించేవాడు. ఇప్పుడు పలక తీసి మీద దుమ్ము ఊది, "ఎక్కించండి," అన్నాడు కూలీలతో. ఆ రెండు ఎడమచేతులవాడు ఇప్పటికీ రాజుగారి నెత్తిమీద వాయిస్తూనే ఉన్నాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర రైహానా కొడుకు పళ్ళెంలో మాంసం ముక్కలు ఏరి ఏరి వేసింది. "మీ నాన్న నిన్ను ఎంత పొగిడాడో తెలుసా," అంది. అబ్బాద్ ముక్కలన్నీ పళ్ళెం చివరకి నెట్టి లేచిపోయాడు.

నక్షత్రం బిగించే రోజు వచ్చింది. పండగ దగ్గరికొస్తోందని, పరంజా విప్పాలని పాదిరీలు తొందర పెడుతున్నారు. ఎనిమిది కోణాల పలక మఖ్లూఫ్ స్వయంగా కోశాడు. అందులో తప్పు వెతికినా దొరకదు. దాన్ని కొడుకు చేతికిచ్చి, పెట్టమన్నాడు. కొడుకు చేత చివరి ముక్క పెట్టించాలని ఏ తండ్రికి ఉండదు. అబ్బాద్ ఎత్తి పట్టాడు. ఏడు కోణాలు కూచున్నాయి. ఎడమవైపు కోణం కూచోలేదు. తిప్పి పెట్టాడు. కూచోలేదు. కిందనించి గ్రీకులు కూడా పని ఆపి తలలెత్తి చూస్తున్నారు.

అబ్బాద్ పలక దించి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"తప్పెక్కడుంది నాన్నా?"

"గాలి. దక్షిణపు గాలికి చెక్క ముడుచుకుపోయింది."

"ఇవాళ గాలి లేదు."

"మొన్నుంది."

"చలికాలం నేను కోసిన వరసుంది చూడు. అది సరైన కోతా, దొంగ కోతా? ఒక్క మాట చెప్పు. తిట్టి చెప్పినా సరే."

మఖ్లూఫ్ గొంతులో ఆ మాట ఉంది. చలికాలం నించీ ఉంది, పుల్లగా, చేదుగా. కూలీల మొహాలు చూశాడు. నిచ్చెన కొస చూశాడు. రైహానా గడప దగ్గర నిలబడ్డట్టే అనిపించింది.

"నీ తప్పేం లేదు నాయనా. గాలిది," అన్నాడు.

అబ్బాద్ తల ఊపాడు. చేతిలో ఉలి తుడిచి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. ఉలి తుడవకుండా పెట్టకూడదని వాడికి ఆరేడేళ్ళప్పుడు దెబ్బ కొట్టి నేర్పాడు. ఆ తర్వాత వాడికి తండ్రి నించి వచ్చిందేం లేదు. వాడు నిచ్చెన దిగాడు. రొట్టెకి పోతున్నాడనుకున్నాడు మఖ్లూఫ్.

సాయంత్రం లియోంతియోసే కోట గుమ్మం బయటికొచ్చి చెప్పాడు. కూచోమన్నా కూచోలేదు.

"నాకు పని నేర్పు అని వచ్చాడు మేస్త్రీ. పుణ్యపురుషుల ముఖాలు, చేతులు చేసే పని బాప్తిస్మం లేనివాడికి ఇవ్వనివ్వరు, నీకు తెలుసు కదా. ఆ సంగతే చెప్పాను. వద్దంటాడనుకున్నాను. అయితే పొయ్యండి నీళ్ళు, అన్నాడు."

"నా మీద ఏమైనా చెప్పాడా?"

"నీ మీదేం చెప్పలేదు. తన పని చూపించి ఎలా ఉందన్నాడు. ఏమనను మరి. చెత్తన్నాను. ఊద్ వాయించేవాడికి రెండు ఎడమచేతులు పెట్టినవాడికి బురద కలిపే పని కూడా ఇవ్వనన్నాను." లియోంతియోస్ గడ్డం గోక్కున్నాడు. "నవ్వాడు మేస్త్రీ. తిడితే అంత సంతోషపడ్డవాణ్ణి నేను చూళ్ళేదు. నేను పిలవలేదు వాణ్ణి. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లెందుకులే. పని నేర్పేటప్పుడు ఎడమ అంచు చూడు. వాడికి చెయ్యి అక్కడే జారుతుంది."

"ఆ ముక్క వాడికే చెప్పకపోయావా."

మఖ్లూఫ్ సంచీ భుజాన వేసుకున్నాడు.

ఇంట్లో రైహానా ఏడవలేదు. ముందు అడిగింది, తర్వాత ఏడుద్దామన్నట్టు.

"ఏమన్నావు వాణ్ణి?"

"ఏమీ అనలేదే."

"అబద్ధం. ఏదో అనే ఉంటావు. ఏమీ అనకపోతే బిడ్డ ఎందుకు పోతాడు?"

"ఏమీ అనలేదు. తప్పు గాలిదన్నాను."

ఆమె నమ్మలేదు. పేటలో ఎవరూ నమ్మలేదు. మఖ్లూఫ్‌ది నోరా, అది తెలిసిందే కదా, అనుకున్నారు. అతని పేరు చెప్పి ఆడవాళ్ళు మొగుళ్ళని హెచ్చరించారు. ఆ వారం ఖాలిసా పేటలో తండ్రులు ఇంకా మెత్తబడ్డారు. ఒకాయన కొడుకు మేకని అమ్మి జూదమాడితే, మంచి బేరం చేశావు బాబూ, అన్నాడట.

పరంజా విప్పేశారు. చర్చి మొత్తాన్నీ పవిత్రం చేశారు, కాబట్టి మఖ్లూఫ్ ఇక ఆ నేల మీద కాలు పెట్టకూడదు. తను చేసిన కప్పుని కింద నిలబడి చూసే భాగ్యం దానితో పోయింది. నక్షత్రం చోట కంత అలాగే ఉంది. పావురాలు దూరి బలిపీఠం గుడ్డ పాడుచేస్తున్నాయని పాదిరి కబురు పెట్టాడు. చర్చి మీది పెంకులు తీసి, పై దూలాలకీ తేనెపట్టుకీ మధ్యన ఉండే చీకటి సందులోకి దిగి, పైనించే మూసెయ్యాలట. ఫలానా ఆదివారం కొత్తవాళ్ళకి బాప్తిస్మాలున్నాయి, నీళ్ళు పొయ్యకముందే అయిపోవాలట. కొత్తవాళ్ళెవరో కబురు తెచ్చినవాడు చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

వేరే వడ్రంగిని పంపొచ్చు. మఖ్లూఫ్ తనే పోయాడు, ఆ ఆదివారమే.

సందులో దేవదారు వాసన, ఎలకల వాసన. పైనించి చూస్తే తేనెపట్టుకి అందం ఏమీ లేదు. బంక కారిన పలకలు, గుడ్డ పీలికలు, ముళ్ళ మూటలా ఉంటుంది. దూలం మీద బోర్లా పడుకుని పాకుతూ పోయి కంతలోంచి చూశాడు. చాలా లోతున పాలరాతి తొట్టి కనబడింది. పక్కన తెల్లబట్టల్లో కొందరు. అందులో అబ్బాద్ నడినెత్తి కనబడింది. అక్కడ చిన్న సుడి ఉంది, పుట్టినప్పుడు మంత్రసాని చూసి, సుడిగలవాడు ఇంట్లో నిలవడు అంటే రైహానా ఆమెని బూతులు తిట్టింది. పక్కన లియోంతియోస్ వాడి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

కొడుకు చేసిన తప్పు వల్ల పడ్డ కంత అది. దాంట్లోంచి తప్ప కొడుకుని చూసే దారి లేదు. దాన్ని తన చేత్తోనే మూసెయ్యాలి.

నక్షత్రపు పలక పెట్టి చూశాడు. అదే కోణం కూచోలేదు. సరిగ్గా చెయ్యాలంటే ఆ వరసంతా ఊడబెరికి మళ్ళీ కొయ్యాలి. కింద పాటలు మొదలయ్యాయి. మఖ్లూఫ్ పలకని ఛాతీకి ఆనించుకుని, జీవితంలో మొదటిసారి, ఎడమ అంచు మీద చిత్రిక పెట్టి తోశాడు. దొంగ కోతే. తండ్రి బతికుంటే వేళ్ళు విరగ్గొట్టేవాడు.

చెక్కపొట్టు పీలిక ఒకటి చుట్ట చుట్టుకుని కంతలోంచి జారింది. గిరగిరా తిరుగుతూ దిగి అబ్బాద్ భుజం మీద పడింది. వాడు దాన్ని తీసి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. తల ఎత్తాడు. పైన చీకట్లో వాడికేం కనబడి ఉండదు. పాదిరి వాడి చేతిలోంచి ఆ పొట్టు తీసి, పిట్ట రెట్టలా నేల మీదికి విదిలించి, వాడి తల వంచాడు.

"దొంగ కోతరా వెధవా," అన్నాడు మఖ్లూఫ్. మొదట గొణిగాడు. తర్వాత గొంతు తెరిచాడు. "మాదిరి పలక జారితే ముక్క పొయ్యిలో పెట్టమని నీకెన్నిసార్లు చెప్పాలిరా సన్నాసీ. ఎడమ అంచుకి కళ్ళు లేవనుకున్నావా. చేతులా అవి, తెడ్లా. మీ తాతైతే ఆ వేళ్ళు తీసి నీకే వండిపెట్టేవాడు." చాలా అన్నాడు. చలికాలం నించీ దాచుకున్నదంతా అన్నాడు. కింద పాట పెద్దదైంది. గ్రీకులూ లాటిన్లూ కలిసి ఎత్తుకున్నారు. ఆ హోరులో ఇతని అరుపు కంత దాటలేదు. కప్పు బాగా కట్టిన కప్పు. కింది పాటని కిందే ఉంచింది, పై మాటని పైనే ఉంచింది.

వాడి తల మీద నీళ్ళు పడకముందే అతను పలక బిగించాడు. ఈసారి కూచుంది. సందంతా చీకటైపోయింది.

ఆ సాయంత్రం రంగులద్దే మౌహూబ్ పరామర్శకొచ్చాడు. అటువంటి ఇంటికి అటువంటివాడే రావాలని పేట పెద్దలు పంపారు. ఎండు అత్తిపళ్ళు తెచ్చాడు. గోడవారగా కూచుని, ఎలా మొదలుపెట్టాలో తెలీక, చివరికి తనకి తెలిసిన దగ్గర్నించే మొదలుపెట్టాడు.

"కొట్టావా?"

"లేదు," అన్నాడు మఖ్లూఫ్.

"మరి?"

లోపల రైహానా గిన్నెలు కడగడం ఆపింది. వింటోందని అతనికి తెలుసు.

"తిట్టాను," అన్నాడు మఖ్లూఫ్. "పరంజా మీద, అందరి ముందూ. దొంగ కోతరా వెధవా అన్నాను. చేతులా తెడ్లా అన్నాను. మీ తాతైతే నీ వేళ్ళు తీసి నీకే వండిపెట్టేవాడన్నాను." ఒక్కో తిట్టూ వరసగా, ఏదీ వదలకుండా అప్పజెప్పాడు. అప్పజెబుతుంటే వెన్ను నిటారుగా నిలబడింది.

మౌహూబ్ అంతా విని నిట్టూర్చాడు.

"అన్నేసి మాటలు అనాల్సింది కాదు మేస్త్రీ."

"అవును," అన్నాడు మఖ్లూఫ్. "అనాల్సింది కాదు."

అత్తిపండు ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. లోపల రైహానా ఏడుపు మొదలుపెట్టింది.